తప్పు చేయనివ్వని బొమ్మ మీద పరీక్ష పెట్టలేం: ఎమర్జెన్సీ ప్రొసీజర్ స్టేషన్ల డైరీ

1వ వారం: దేన్ని పరీక్షించాలి

వరంగల్‌లో హౌస్ సర్జన్సీ ముగించుకుని ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు డ్యూటీకి వెళ్లే డాక్టరుకు మొదటి నెలల్లోనే ఎదురయ్యే పనులేవి? ఎమర్జెన్సీ పనులు చేయడం వచ్చో రాదో బొమ్మల మీద చేయించి చూసే పరీక్షకు జాబితా అక్కణ్నుంచి మొదలుపెట్టాం. 163 నంబరు జాతీయ రహదారి మీద బండి గుద్ది ఛాతీలో గాలో రక్తమో నిండినవాళ్లు, పురుగుల మందు తాగి నోట్లోంచి నురగ కక్కుతూ వచ్చేవాళ్లు, కట్లపాము కరిచి ఊపిరి అందకుండా పోతున్న పిల్లలు. ఏటూరునాగారం నుంచి వరంగల్ వంద కిలోమీటర్ల పైమాటే. పెద్దాసుపత్రికి పంపుదాం అనుకున్నా, అంబులెన్సు ఎక్కించేముందు కావాల్సిన పని అక్కడే, ఆ డాక్టరు చేతుల మీదే జరగాలి.

నాలుగు స్టేషన్లు (ఒక్కో పనిని చేయించి చూసే పరీక్ష బల్లలు) ఖాయం చేశాం: ఛాతీలోని గాలి, రక్తం బయటికి తీసే గొట్టం (ఐసీడీ), మెడ ముందు నుంచి కోసి ఊపిరికి దారి (ఎయిర్‌వే) చేయడం, నురగ నిండిన నోట్లోంచి గాలిగొట్టంలోకి ట్యూబు వేయడం (ఇంట్యుబేషన్), మందులు ఎక్కించడానికి ఎముకలోకి సూది. వైవాలో (నోటి పరీక్షలో) ఈ నాలుగూ గడగడా అప్పజెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వైద్యవిద్య నిపుణుడు మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్‌లో ‘తెలుసు’, ‘ఎలా చేయాలో తెలుసు’ అనే కింది రెండు మెట్లను వైవా చూస్తుంది. మూడోది ‘చేసి చూపించడం’. స్టేషన్ ఉన్నది దాని కోసం.

పని మొదలుపెట్టకముందే గోడ మీద ఒక నియమం రాసి అంటించాం: ప్రతి బొమ్మలోనూ ప్రాణం తీసే తప్పు జరిగే వీలుండాలి, జరిగితే కనబడాలి. గొట్టం ఒకే దారిలో దిగేలా చేసిన బొమ్మ మీద ఎవరు చేసినా సరిగ్గానే చేసినట్టుంటుంది. కొని తెచ్చే చాలా డమ్మీలలో లోపం ఇదే: చర్మం ముక్కను ప్రతిసారీ మార్చరు, అభ్యర్థులు పాత కోత ఎక్కడుందో చూసుకుని అందులోంచే గొట్టం దించేస్తారు.

2, 3 వారాలు: ఛాతీ కట్టడం

బట్టల షాపుల్లో చీరలు కట్టి నిలబెట్టే ఫైబర్ బొమ్మల్లో విరిగినవి తక్కువకే దొరుకుతాయి. చేతులు తీసేసిన మొండెం ఒకటి తీసుకుని, కుడి చంక కింద 20 సెంటీమీటర్ల ఎత్తు, 15 వెడల్పు కిటికీ కోశాం. చంక, చనుమొన, వీపు వైపు కండరం అంచు మాత్రం కొయ్యకుండా ఉంచాలి. ఎందుకంటే అభ్యర్థి చోటు గుర్తుపట్టాల్సింది వాటితోనే: ముందు ఛాతీ కండరం బయటి అంచు, వెనక లాటిసిమస్ (వీపు కండరం) ముందంచు, కింద చనుమొన ఎత్తులో గీత, పైన చంక. ఈ నాలుగింటి మధ్య ఉన్న ‘సేఫ్టీ ట్రయాంగిల్’లో, నాలుగో అయిదో పక్కటెముకల సందు. కిటికీ మాత్రమే పెట్టి చుట్టూ ఏమీ లేకపోతే, చోటు వెతికే పరీక్ష మాయమైపోతుంది. అందుకే కిటికీ కావాల్సినదానికంటే పెద్దగా, కింద ఎనిమిదో ఎముక దాకా ఉంచాం. తప్పుచోట కోసేవాళ్లకు కూడా చోటుండాలి.

మొదట మండిబజార్ వైపు మటన్ కొట్టు నుంచి మేక పక్కటెముకల పలక తెచ్చి చూశాం. స్పర్శలో దానికి సాటి లేదు, నేర్పడానికి అంతకంటే మంచిది ఉండదు. పరీక్షకు మాత్రం పనికిరాదు. ఒక మేక సందుల్లో వేలు దూరుతుంది, ఇంకో మేక సందుల్లో దూరదు. ఉదయం మొదటి అభ్యర్థికి బిగువుగా ఉన్న కండ, మధ్యాహ్నం పదో అభ్యర్థికి వదులై వాసన కొడుతుంది. ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టామని చెప్పలేం. మాంసం వాడినరోజు పనిముట్లు వేరుగా ఉంచాలి, మిగిలినదాన్ని బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలోనే వేయాలి.

అందుకని ఎముకలకు 20 మిల్లీమీటర్ల పీవీసీ కరెంటు పైపు. లోపల ఇసుక నింపి, రెండు కొనలు మూసి, హీట్ గన్‌తో మెత్తబరిచి వంచాలి. ఇసుక లేకుండా వంచితే మడతపడి నలిగిపోతుంది. ఈ పని ఆరుబయట చేయాలి, పొగ మంచిది కాదు. ఎముకకూ ఎముకకూ మధ్య 20 మిల్లీమీటర్ల సందు. 28 ఫ్రెంచ్ గొట్టం మందం 9.3 మిల్లీమీటర్లు (ఫ్రెంచ్ సంఖ్యను మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు), దాన్ని పట్టుకున్న ఆర్టరీ ఫోర్సెప్స్ (పట్టకారు) కలిపితే ఆ సందు బిగుతుగానే ఉంటుంది. ఉండాల్సిందీ అలాగే.

పొరలు లోపలి నుంచి బయటికి: ప్లూరాకు (ఛాతీ గోడ లోపలి పలుచటి పొరకు) కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ కవర్లు రెండు పొరలు, కండకు 10 మిల్లీమీటర్ల యోగా మ్యాట్, కొవ్వుకు 15 మిల్లీమీటర్ల మెత్తటి స్పాంజి, చర్మానికి సన్న రెగ్జిన్. ప్లూరా కోసం మామూలు క్యారీబ్యాగు కవరు పెడితే ఫోర్సెప్స్ తెలియకుండానే దూరిపోయింది, నాలుగు పొరల ప్యాకెట్ కవరుకు బలమంతా పెట్టాల్సివచ్చింది. రెండు పొరలకు ‘టక్’మని తెగే ఆ స్పర్శ చేతికి తెలుస్తుంది. జెలటిన్‌తో కండ చేద్దామన్న ఆలోచన కాగితం మీదే ఆగింది. 30 డిగ్రీలు దాటితే మెత్తబడే పదార్థం వరంగల్ ఎండల్లో ఏసీ లేని గదిలో పూట కూడా నిలవదు.

4వ వారం: తప్పులకు దారులు వేయడం

ఎక్కువ రోజులు పట్టింది దీనికే.

పక్కటెముక కింది అంచును అంటిపెట్టుకుని నరం, ధమని, సిర నడుస్తాయి. అందుకే కింది ఎముక పై అంచు మీదుగా దూరాలి. ఈ తప్పు కనబడాలంటే అంచు కింద రక్తనాళం ఉండాలి. మొదట ఐవీ సెట్ గొట్టంలో ఎర్ర నీళ్లు నింపి జిప్ టైలతో కట్టాం. ఫోర్సెప్స్ ఎంత పొడిచినా అది పక్కకు జారిందే తప్ప తెగలేదు. తప్పు చేసినవాళ్లూ శుభ్రంగా బయటపడ్డారు. దాని బదులు జాతరల్లో బొమ్మలు చుట్టే పొడుగు బెలూను పెట్టి, పైన 500 మిల్లీలీటర్ల సెలైన్ సీసాను మీటరు ఎత్తులో వేలాడదీశాం. మీటరు నీటి ఒత్తిడి సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసం. ఆ ఒత్తిడికి బెలూను ఉబ్బదు, చిల్లు పడితే మాత్రం ఎర్రనీళ్లు చేతి మీదికి కారతాయి.

ఊపిరితిత్తి: స్పాంజిని పలుచటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, అంబూ బ్యాగుకు (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచికి) కలిపిన బెలూను మీద అమర్చాం. ట్రోకార్ (గొట్టం లోపల ఉండే మొనదేలిన కడ్డీ) పట్టుకుని గుచ్చేవాళ్ల చేతిలో అది పగులుతుంది. కాలేయం: ఏడో ఎముక దగ్గర ముదురు ఎర్రనీళ్ల బెలూను. ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు కుడివైపు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) దాదాపు చనుమొన ఎత్తు దాకా లేస్తుంది కాబట్టి ఈ బెలూనును ఒక మీటతో పైకి జరిపే ఏర్పాటు కూడా చేశాం. ఇద్దరు ముగ్గురు అభ్యర్థులకు ఒకసారి దాన్ని పైకి లేపి ఉంచుతాం.

వేలు పెట్టి లోపల తిప్పి చూడటం చాలామంది మొక్కుబడిగా చేసే మెట్టు. ‘ఫింగర్ స్వీప్ చేస్తున్నా’ అని నోటితో అనేసి, వేలు రెండు సెంటీమీటర్లు కూడా పెట్టరు. చెక్‌లిస్టులో టిక్ పడిపోతుంది. కాబట్టి సగం విడతల్లో ఊపిరితిత్తిని డబుల్ సైడ్ టేపుతో గోడకు అతికిస్తాం, సగంలో వదిలేస్తాం. అతుక్కుని ఉందో లేదో అభ్యర్థి చెప్పాలి. చెప్పిన జవాబుకే మార్కు.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు పైకి కనబడదు: గొట్టం ఛాతీలోకి పోకుండా చర్మం కింద, కండ పైన పడుకుంటుంది. కుట్టేసి, డ్రెస్సింగ్ వేసి, బ్యాగు తగిలిస్తే చూడటానికి లక్షణంగా ఉంటుంది. మొదటి క్యాసెట్‌లో (కిటికీలో బిగించి, వాడాక మార్చే పొరల పలకలో) పొరలన్నిటినీ రబ్బరు బంకతో అతికించడంతో ఈ తప్పుకు దారే లేకుండా పోయింది. రెండో క్యాసెట్ నుంచి కొవ్వు పొరను అంచుల్లో మాత్రమే అతికించి మధ్యలో వదిలేశాం. గొట్టానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఛాతీ డబ్బాకు వెనకవైపు 50 మిల్లీలీటర్ల సిరంజి అమర్చి, తెర వెనక మనిషి దాన్ని లాగి నొక్కుతుంటే, గొట్టం సరైన చోట ఉన్నప్పుడే నీళ్ల సీల్‌లో (గొట్టం రెండో కొన నీళ్లలో మునిగి ఉండే చోట) నీటిమట్టం ఊగుతుంది. కండ పైన ఉంటే కదలదు. ‘స్వింగ్ ఉందా’ అని కిందికి వంగి చూసినవాళ్లు ఎవరో, చూడకుండా గ్లవ్స్ విప్పినవాళ్లు ఎవరో అక్కడ తేలిపోతుంది.

కోత చుట్టూ గాలి లీకవుతోంది. మూడు సెంటీమీటర్ల కోతకు సమస్య లేదు, అయిదు కోసినప్పుడు స్వింగ్ పోతోంది. సరిగ్గా గొట్టం వేసినా స్వింగ్ రాకపోతే అభ్యర్థికి అన్యాయం. ప్లూరా కవరు అంచులకు సైకిల్ ట్యూబు పట్టీ వేసి బిగించాక తగ్గింది, పూర్తిగా పోలేదు. పెద్ద కోత పడ్డప్పుడు తెర వెనక మనిషి సిరంజిని పూర్తిగా లాగాలి అన్నది తాత్కాలిక ఏర్పాటు.

5వ వారం: మెడ

ఇంట్యుబేషన్ కాలేదు, మాస్కుతో ఆక్సిజన్ అందడం లేదు. అప్పుడు చేసేది స్కాల్పెల్, బూజీ (దారి చూపే సన్నటి వంగే కడ్డీ), ట్యూబు. డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015 పద్ధతి: పది నంబరు బ్లేడు, బూజీ, 6.0 కఫ్ ట్యూబు. మెడ ముందు థైరాయిడ్, క్రికాయిడ్ మృదులాస్థుల మధ్య ఉండే పొర మీద అడ్డంగా పొడవాలి, బ్లేడు తీయకుండా పదును కాళ్ల వైపు వచ్చేలా తిప్పాలి, బ్లేడు పక్కనుంచి బూజీని గాలిగొట్టంలోకి జార్చాలి, దాని మీదుగా ట్యూబు.

స్వరపేటికను 25 మిల్లీమీటర్ల పైపుతో చేశాం. థైరాయిడ్, క్రికాయిడ్ ఆకారాలను ఎంసీల్‌తో దిద్ది, మధ్యలో సెంటీమీటరు ఎత్తు కిటికీకి మైక్రోపోర్ మూడు పొరలు. ఒక్క రోజులో దీని లోపం బయటపడింది: మెడ మొత్తం మీద పల్లంగా తగిలే చోటు అదొక్కటే కావడంతో కళ్లు మూసుకున్నా వేలు అక్కడే పడుతోంది. అసలు మెడలో రెండు పల్లాలుంటాయి. థైరాయిడ్‌కూ, దాని పైన ఉండే హయాయిడ్ ఎముకకూ మధ్య ఇంకోటి ఉంటుంది. కంగారులో దాన్ని కోసేవాళ్లుంటారు. కాబట్టి పైన రెండో పల్లం, దాని పైన హయాయిడ్ బదులు వంచిన ప్లాస్టిక్ పుల్ల. ఇప్పుడు ‘లారింజియల్ హ్యాండ్‌షేక్’తో పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చినవాళ్లకే చోటు దొరుకుతుంది.

బూజీ గాలిగొట్టం ముందు, చర్మం కింద తప్పుదారి పట్టే ఖాళీ ఉంచాం. గొట్టం వెనక గోడను కోసి అక్కడ మెత్తటి రెగ్జిన్ ముక్క అతికించాం, బ్లేడు లోతుగా దిగితే దాని మీద గాటు మిగులుతుంది. ప్రతి విడత తర్వాత ఆ ముక్క తీసి వెలుతురుకు పట్టి చూడాలి.

రెండో మెడ లావు మెడ. 25 మిల్లీమీటర్ల స్పాంజి కింద ఏదీ తగలదు. దీనికి 8 నుంచి 10 సెంటీమీటర్ల నిలువు కోత కోసి, వేళ్లతో పాయలు విడదీసి స్వరపేటికను పట్టుకోవాలి. స్పాంజిని ఎర్రనీళ్లలో తడిపి పెడితే కోయగానే చూపు మూసుకుపోతుంది, వేళ్లే దిక్కవుతాయి. తడపకుండా చేసిన మొదటి రోజు అందరూ కళ్లతో చూసి పని కానిచ్చారు.

గడియారం కూడా ఇక్కడ జాగ్రత్తగా పెట్టాలి. బ్లేడు తాకినప్పటి నుంచి కొలిస్తే నిర్ణయం తీసుకోవడంలో పోయిన కాలం లెక్కలోకి రాదు. అసలు నష్టం జరిగేది అక్కడే. మాస్కుతో ఛాతీ లేవడం ఆగిన క్షణం నుంచి మొదటి ఊపిరి దాకా కొలుస్తున్నాం.

6వ వారం: నురగ, ఎముక

కార్న్‌ఫ్లోర్ పలచగా కాచిన గంజిలో పచ్చరంగు కలిపి, పాత డమ్మీ తల వెనక నుంచి రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టలోకి వేసే సన్నటి గొట్టం) ద్వారా గొంతులోకి 60 మిల్లీలీటర్ల సిరంజితో నింపుతాం. కొత్త డమ్మీలో ఈ పని చేయొద్దు, గంజి లోపల ఆరితే వాల్వులు పట్టేస్తాయి. సక్షన్ (నురగను పీల్చే గొట్టం) పెట్టి, నురగ మళ్లీ ఉబికినప్పుడు సక్షన్ గొట్టాన్ని నోటి ఎడమ మూలన వదిలేసి లారింగోస్కోపు (గొంతు లోపల చూసే పరికరం) దించడం ఇక్కడ చూడాల్సిన నేర్పు. పురుగుల మందుకు విరుగుడైన అట్రోపిన్ మాట కూడా ఇక్కడే వస్తుంది: 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్స్ మూడు నుంచి అయిదు మొదటి డోసు, అయిదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ ఊపిరితిత్తులు పొడిబారేదాకా. ట్యూబు మీదే ధ్యాస పెట్టి దీన్ని మరిచినవాళ్లకు ఎంత తుడిచినా నురగ ఆగదు. తెర వెనక సిరంజి పట్టుకున్నవాళ్లకు ఆ సూచన ఇచ్చాం. సక్సినైల్‌కోలిన్ (ట్యూబు వేసేముందు కండరాలను వదులుచేసే మందు) అడిగితే నర్సు పాత్రధారి ఇచ్చేస్తుంది. ఆర్గానోఫాస్ఫరస్ (పురుగుల మందు రకం) కేసులో దాని ప్రభావం చాలా ఎక్కువసేపు ఉంటుందని అభ్యర్థికి తెలుసా లేదా అన్నది తర్వాత ఒక్క ప్రశ్నతో తేలుతుంది.

ఎముకలోకి సూది స్టేషన్‌కు కోడి కాళ్లు చాలు. ఇందులో పెద్దగా రాయాల్సింది లేదు: ఎముక కింద తన అరచేయి పెట్టుకుని సూది తిప్పితే స్టేషన్ అక్కడే ఆపేయాలి.

7, 8 వారాలు: చెక్‌లిస్టు

ఐసీడీకి మొదటి చిత్తుప్రతిలో 41 అంశాలు. రెండుసార్లు వాడాక 19కి దించాం. ‘చేతులు కడుక్కున్నారు, గ్లవ్స్ తొడిగారు, పరిచయం చేసుకున్నారు’ లాంటివి ఎక్కువైతే, వాటన్నిటికీ మార్కులు తెచ్చుకుని గొట్టం చర్మం కింద వదిలేసిన అభ్యర్థి కూడా పాసవుతాడు. మార్కుల కూడికలో ప్రాణాంతకమైన తప్పు కొట్టుకుపోకూడదు. అందుకే ఆరు అంశాలు కూడికలో లేవు: తప్పు పక్క, ట్రోకార్‌తో గుచ్చడం, గొట్టం ఛాతీ బయట, చివరి రంధ్రం చర్మం బయట, గాలి లీకవుతున్న గొట్టానికి క్లాంప్ వేయడం, బ్యాగును ఛాతీ కంటే ఎత్తులో పెట్టడం. వీటిలో ఏ ఒక్కటి పడినా మిగతాది ఎంత బాగున్నా మళ్లీ రావాలి.

మత్తు డోసుకు ఒక అంశం ఇలా మారింది. ముందు ‘లిగ్నోకెయిన్ ఇచ్చారు’ అని ఉండేది. ఇప్పుడు రోగి కార్డు మీద బరువు రాయడం మానేశాం, అడగాలి. నర్సు ‘50 కిలోలు సార్’ అంటుంది. కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున 150 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందు ఏడున్నర మిల్లీలీటర్లు. టేబుల్ మీద మాత్రం 30 మిల్లీలీటర్ల వయల్ ఉంటుంది.

నర్సు పాత్ర వేసే సిస్టర్లకు కాగితం రాసి ఇవ్వాల్సివచ్చింది. వాళ్లు అనుభవజ్ఞులు, మనసున్నవాళ్లు. అభ్యర్థి తడబడగానే ‘సార్, బ్యాగు కింద పెట్టమంటారా?’ అని అందించేస్తారు. వార్డులో అది ప్రాణం కాపాడే మాటే. స్టేషన్‌లో మాత్రం అడిగింది ఇవ్వాలి, అడగనిది అనకూడదు. ‘సిస్టర్, ఇంకేమైనా మరిచిపోయానా?’ అని అడిగితే మాత్రం ఒక సూచన ఇవ్వొచ్చు. అలా అడగడం కూడా ఒక నైపుణ్యం కాబట్టి దాన్ని విడిగా రాసుకుంటాం.

చెక్‌లిస్టు పక్కనే గ్లోబల్ రేటింగ్ (మొత్తంగా పని తీరుకు వేసే మార్కు) ఉంది, టొరంటో వాళ్లు 1990లలో ఆపరేషన్ నైపుణ్యాలకు తయారుచేసిన ఓశాట్స్ తరహాలో ఒకటి నుంచి అయిదు దాకా ఉండే కొలత: కణజాలాన్ని పట్టుకునే తీరు, చేతి కదలికల్లో పొదుపు, పనిముట్ల వాడకం, తర్వాతి మెట్టు ముందే సిద్ధం చేసుకోవడం. అనుభవజ్ఞులు మెట్లు కలిపేసుకుంటూ వేగంగా వెళ్తారు. చెక్‌లిస్టు ఒక్కటే పెడితే వాళ్లకే తక్కువ మార్కులు పడే ప్రమాదం ఉంది.

9వ వారం: పరీక్షకులు ఒక మాట మీద ఉన్నారా

ఒకే వీడియో చూసి ఇద్దరు పరీక్షకులు విడివిడిగా మార్కులు వేయడానికి, పైనుంచి చేతులు మాత్రమే కనబడేలా ఫోన్‌ను వంగే స్టాండ్‌కు బిగించాం. రెగ్జిన్ మెరుపు కొట్టి కోత కనబడకపోవడంతో ట్యూబులైటుకు ట్రేసింగ్ పేపర్ కట్టాం. ఉంగరం, కాశీతాడు, గోరింటాకు చూసి ఎవరి చెయ్యో పట్టేస్తున్నారని పొడుగు చేతుల గౌను, రెండు జతల గ్లవ్స్ తప్పనిసరి చేశాం. గొంతు గుర్తుపట్టకుండా ధ్వని తీసేస్తే ‘ఊపిరితిత్తి అతుక్కుంది’ అన్న జవాబు పోతోంది. నోటితో చెప్పాల్సిన మూడు అంశాలను స్టేషన్‌లోనే ఒకరు రాసుకుని, వీడియోను మూగగా పంపడమే దారి.

ఇద్దరి మార్కులు పోల్చడంలో ఒక లెక్క అందరూ చేసి చూడాలి. ఉదాహరణకు 20 వీడియోలు, ఒక అంశం. ఇద్దరూ ‘చేశారు’ అన్నవి 17, ఇద్దరూ ‘చేయలేదు’ అన్నది 1, తేడా వచ్చినవి 2, తలా ఒకటి. ఏకాభిప్రాయం 90 శాతం, బాగుందనిపిస్తుంది. ఇద్దరూ 20లో 18సార్లు ‘చేశారు’ అంటున్నారు కాబట్టి కాకతాళీయంగానే 0.9 × 0.9 + 0.1 × 0.1, అంటే 82 శాతం కలుస్తాయి. ఆ కాకతాళీయాన్ని తీసేసి చూసే కొలత కప్పా (0.90 − 0.82) ÷ 0.18, అంటే 0.44 మాత్రమే. దాదాపు అందరూ చేసేసే అంశం ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు, పరీక్షకుల పొందికనూ తేల్చదు.

తేడాలు ఎక్కువగా వచ్చింది ‘సరైన చోట కోశారు’ దగ్గర. కోత మొదలైన చోటా, మధ్యా? ఎముక మీదా, సందు మీదా? కోత మధ్యబిందువు రెగ్జిన్ వెనక గీసిన గళ్లలో ఎక్కడ పడిందో క్యాసెట్ విప్పాక చూసి రాస్తే ఈ గొడవ పోయింది. వస్తువు చెప్పగలిగినదాన్ని మనిషిని అడగకూడదు. స్వింగ్, వెనక గోడ గాటు, ఎర్రనీళ్లు, కోత గడి: ఈ నాలుగింటినీ పరీక్షకుల చేతిలోంచి తీసేశాం.

10వ వారం: గీత ఎక్కడ

50 శాతం పాసు అన్న అలవాటు ఇక్కడ అర్థం లేనిది. రోజూ ఐసీడీలు వేసే సీనియర్లవి, ఎప్పుడూ వేయనివాళ్లవి మార్కుల వంపులు రెండు గీసి, అవి ఒకదాన్నొకటి దాటే చోట గీత పెట్టే కాంట్రాస్టింగ్ గ్రూప్స్ పద్ధతి తీసుకున్నాం. మనుషులు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కరి మార్కుతో గీత జరిగిపోతుంది. కాబట్టి ప్రస్తుతానికి ఇది నేర్చుకోవడానికి పెట్టే పరీక్షే, ఎవరి సర్టిఫికెట్‌నూ ఆపేది కాదు.

ఒక్క స్టేషన్ చూసి డాక్టరును తూచకూడదనడానికీ లెక్కే ఉంది. ఒక స్టేషన్ నమ్మకం (రిలయబిలిటీ: ఫలితం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే కొలత, గరిష్ఠం 1) 0.40 అనుకుంటే, 0.80కి చేరడానికి స్పియర్‌మన్–బ్రౌన్ సూత్రం ప్రకారం ఆరు స్టేషన్లు కావాలి. మన దగ్గర నాలుగున్నాయి. పరీక్షకులను పెంచడం కంటే స్టేషన్లు పెంచడమే మేలు. ఛాతీ గొట్టం బాగా వేసే చెయ్యి మెడ దగ్గర వణకొచ్చు.

12వ వారం: ఇంకా మిగిలినవి

క్యాసెట్ మార్చడానికి ఇప్పుడు 11 నిమిషాలు పడుతోంది, స్టేషన్ ఉన్నదేమో 10 నిమిషాలు. మూడు క్యాసెట్లు ముందే బిగించి ఉంచితేనే వరుస ఆగదు. బోల్టుల బదులు సూట్‌కేసు క్లిప్పులు పెట్టి చూడాలి. పాల కవర్లు ఒకే కంపెనీవి, ఒకే మందంవి కావాలి. టోన్డ్ పాలది, ఫుల్ క్రీమ్ పాలది వేర్వేరుగా చిరిగాయి, కారణం కవరు మందమే. ఎడమ వైపు మొండెం ఇంకా కట్టలేదు. అది వచ్చేదాకా ‘తప్పు పక్క’ అన్న తప్పుకు మా బొమ్మలో దారి లేదు, కాబట్టి ప్రాణాంతకమైన ఆ ఆరు తప్పుల్లోంచి ఈ అంశాన్ని ప్రస్తుతానికి తీసేశాం. ఎక్స్‌రే ఫిల్మును తిరగేసి లైటు బాక్సు మీద పెట్టే ఏర్పాటుతో సహా, ఎడమ మొండెం పని వచ్చే వారం మొదలవుతుంది.